వానల రిజిస్టర్లో సున్నా చుట్టిన అంకెలు

ముందు గొళ్ళెం చప్పుడు.

టక్కున లేస్తుంది, టక్కున పడుతుంది. లోపల ఎవరో ఊపిరి లెక్కపెట్టుకుంటున్నట్టు కాస్త ఆగుతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారడం తొందర. ఐదు దాటీ దాటకముందే షాదీపూర్ గుట్ట మీది రేకుల కప్పులు చేప పొట్ట రంగుకి తిరుగుతాయి. ఆ వెలుతురులో ఆ చప్పుడు పన్నెండుసార్లు వినిపిస్తుంది. పదకొండు దగ్గర ఆగదు, పదమూడుకి పోదు. కింద మలుపులో పాల ప్యాకెట్లు పంచే అతను అది వినే సంచీ భుజానికెత్తుకుంటాడు. ఎదురింటి తమిళావిడ పొయ్యి మీద టీ గిన్నె పెడుతుంది. ఆ సందులో అలారం గడియారాలు అమ్ముడుపోవు.

పన్నెండోసారి గొళ్ళెం పడ్డాక తలుపు బార్లా తెరుచుకుంటుంది. అప్పుడు చీపురు పట్టుకుని బయటికి వచ్చే మనిషి పుష్పవతి. అరవయ్యొక్క ఏళ్ళది, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఆమె వెనక గడప లోపలే నిలబడి, గొళ్ళెం మీద నుంచి చెయ్యి ఇంకా తియ్యకుండా ఆకాశం వైపు చూసేది చెల్లెలు సుందరి. సుందరికి యాభై ఐదు. గొళ్ళెం చప్పుడు ఆమెదే. ఎందుకు పన్నెండు అని అడిగితే ఆమె చెప్పదు. అసలు ఆమె రోజుకి పది మాటలు మాట్లాడితే, ఆ ఇంట్లో అది చాలా మాట్లాడిన రోజు.

వీళ్ళ తండ్రి నెహెమ్యా, భీమిలి దగ్గరి పాలెం నుంచి పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఓడెక్కి వచ్చినవాడు. ప్రభుత్వ పడవల మీద ఖలాసీగా చేరాడు. తల్లి కాసులమ్మ బాప్తిస్మం తీసుకుంది గానీ పేరు మార్చుకోలేదు. దేవుడు నన్ను ఇన్నాళ్ళూ ఏ పేరుతో చూస్తున్నాడో ఆ పేరుతోనే చూడనివ్వండి అనేదట. ఇద్దరాడపిల్లలూ దీవిలోనే పుట్టారు. నెహెమ్యా సర్వీసులో ఉండగానే పోవడంతో ఎనభై ఆరులో పెద్దకూతురికి ఓడల టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి పుష్పవతికి ఇరవై నాలుగు.

ముప్పై ఆరేళ్ళు ఆమె ఆ కిటికీ వెనక కూర్చుంది. టిక్కెట్లు అయిపోయాయి అన్న కబురు తెలుగులో, హిందీలో, తమిళంలో, బెంగాలీలో నొప్పి తగలకుండా చెప్పడం నేర్చుకుంది. మిగతా మూడు భాషల్లో చెప్పి ఊరుకోవచ్చు. తెలుగువాళ్ళతోనే చిక్కు, వాళ్ళు ఆదివారం చర్చిలో మళ్ళీ కనబడతారు. ఒకసారి ప్రార్థనలో అందరూ తలలు వంచి ఉండగా, వెనక బెంచీలోంచి నూకయ్య అనే ముసలాయన ముందుకి వంగి, "పుష్పా, కార్ నికోబార్‌కి రెండు సీట్లు చూడమ్మా" అన్నాడని, ఆమె కళ్ళు తెరవకుండానే "మంగళవారం రా పెదనాన్నా, ఆమెన్" అందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, నాతో పాటు ఇంకొకరు కూడా వస్తారు, వాళ్ళింట్లో రెండు మంచాలకి చోటుందా అని అడిగేది. ఎవరింట్లోనూ చోటు లేకపోయింది. ఆమె ఆ సంగతి నవ్వుతూనే చెబుతుంది, ఆ నవ్వులో లోపం కూడా కనబడదు.

సుందరికి ఏమిటి అన్నదానికి ఆ రోజుల్లో ఎవరి దగ్గరా పేరు లేదు. పిల్ల మెల్లగా వస్తుంది అన్నారు. రాలేదు. తరవాత అనడం మానేశారు. ఆటిజం అన్న మాట ఆ రేకుల ఇంటి మెట్లెక్కి వచ్చేసరికి సుందరికి యాభై దాటింది. ఈలోపల ఆమె తన పని తాను చూసుకుంది. ఆమె పని వాన.

అండమాన్‌లో వాన మే నెలలో వచ్చి, డిసెంబరు దాకా చుట్టంలా కాకుండా ఇంటిమనిషిలా ఉండిపోతుంది. సుందరి కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎదురుగా రెండిళ్ళ గోడల మధ్య బెత్తెడు సముద్రం కనబడుతుంది. వాన ముందు ఆ బెత్తెడు మీదికి వస్తుంది, తరవాత రేకుల మీదికి వస్తుంది. మొదటి చినుకు పడగానే సుందరి తండ్రి గోడగడియారం వైపు చూసి ఒక అంకె రాస్తుంది. ఆఖరి చినుకు చూరు నుంచి జారాక ఇంకో అంకె. అక్షరం ఒక్కటి ఉండదు. కౌంటర్లో ఒకవైపే రాసి పక్కన పడేసిన పాత రిజిస్టర్లు అక్క తెచ్చి ఇచ్చేది. అలా నలభై ఒక్క రిజిస్టర్లు ట్రంకు పెట్టెలో పేరుకున్నాయి. పుష్పవతి వాటిని తెరిచి చూసింది లేదు. చెల్లెలికి కాలక్షేపం అనుకునేది. ఎవరైనా ఊలు అల్లుతారు, ఈమె వాన అల్లుతుంది.

తొంభై ఒకటిలో తల్లి పోయింది. తొంభై ఎనిమిదిలో పక్కింటి యర్రమ్మ, ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరై వచ్చి, "నువ్వు డ్యూటీకి పో పుష్పా, పిల్లని నేను చూస్తాను" అంది. అప్పటికి ఆ పిల్లకి ముప్పై. యర్రమ్మ అన్నమాట ఇరవై మూడేళ్ళు నిలబెట్టుకుని, రెండువేల ఇరవై ఒకటిలో నిద్రలో పోయింది. మధ్యలో ఆ ఏడేళ్ళు, తల్లి పోయాక, యర్రమ్మ రాకముందు, సుందరిని పగలంతా ఎవరు చూశారు అని అడిగితే పుష్పవతి దగ్గర ఒకే జవాబు ఉండేది. దేవుడే చూసుకున్నాడు.

యర్రమ్మ పోయాక మిగిలిన లీవులన్నీ ఊడ్చిపెట్టి, పుష్పవతి ఇంట్లోనే ఉండి, మరుసటి సంవత్సరం రిటైరయింది. రోడ్డు నుంచి ఇంటికి అరవై నాలుగు మెట్లు. వాటిలో నలభయ్యో మెట్టు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. డాక్టరు గుండె బొమ్మ గీసి ఏదో చెప్పాడు. మెట్లు తగ్గించమన్నాడు. మెట్లు ఎలా తగ్గుతాయి బాబూ, గుట్టనే తగ్గించాలి అని చెప్పి వచ్చేసింది. ఆ రోజు నుంచి మాత్రం ఆమెకి ఒక్కటే ఆలోచన. తన తరవాత ఆ గొళ్ళెం పన్నెండుసార్లు లేచి పడేదాకా ఎవరు ఓపిగ్గా నిలబడతారు?

అలాంటి ఆలోచనతోనే నడుస్తున్న మనుషులు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారు. డెలానీపూర్‌లో ఉండే ఆనందబాబు వాళ్ళలో ఒకడు. మిడిల్ పాయింట్‌లో బ్యాంకు ఉద్యోగం. పందొమ్మిదేళ్ళ కూతురు అమ్మడు మాట్లాడదు. తెలుగు చర్చిలో ఇలాంటి ఇళ్ళు పదకొండు ఉన్నాయని లెక్క తేల్చి, అందరినీ నెలకోసారి చర్చి హాల్లో కూర్చోబెట్టేవాడు. సముద్రం అడుగున కేబుల్ పడి ఇంటర్నెట్ నడవడం మొదలయ్యాక అతనికి విశాఖపట్నంలో ఒక చిన్న సంస్థ దొరికింది. అది నడిపే గవరయ్య ద్వారా ఇంకా దూరంగా రెండు సంస్థలు దొరికాయి.

ఆ రెండింటిదీ ఒక కథ. బెల్జియంలో, గెంట్ అనే ఊళ్ళోని సంస్థ అసాధారణమైన తెలివి ఉన్నవాళ్ళ కోసం పనిచేస్తుంది. న్యూజీలాండ్‌లో, డునెడిన్ అనే ఊళ్ళోది మనసు వేరే తీరుగా నడిచేవాళ్ళ కోసం. చాలా ఏళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకున్నాక ఒక సంగతి గమనించారట. ఇక్కడ తెలివి కోసం వచ్చిన మనిషీ, అక్కడ కష్టం కోసం వచ్చిన మనిషీ చాలాసార్లు ఒక్కరే. ఒకరు సగం చూస్తున్నారు, ఒకరు మిగతా సగం. అందుకని కలిశారు. కలిసి మూడు ఊళ్ళు ఎంచుకుని, అక్కడి మనుషులకే శిక్షణ ఇచ్చి, ఒక్కో ఇంటికి ఒక తోడుమనిషిని పెట్టాలనుకున్నారు. ఇంటివాళ్ళు బతికుండగానే ఆ తోడుమనిషి వచ్చి, పద్ధతులన్నీ నేర్చుకుని, తరవాత కూడా ఉండిపోవాలి.

ఆనందబాబు ఇది చెప్పిన రోజు పుష్పవతి రెండోసారి చెప్పమంది. బతికుండగానే అన్నావా అని అడిగి, అవునంటే, ఇంటికెళ్ళి నలభయ్యో మెట్టు దగ్గర కూర్చోకుండా పైకి ఎక్కేసింది.

దానికి ఫారం నింపాలి. గవరయ్య మంచి మనసుతో దాన్ని చక్కటి తెలుగులోకి మార్చి పంపాడు. తెలుగువాళ్ళు కదా, తెలుగు చదువుతారు అనుకున్నాడు. దీవిలో పుట్టిన తెలుగువాళ్ళు తెలుగులో పోట్లాడతారు, తెలుగులో ప్రార్థిస్తారు, చదవడం మాత్రం హిందీలో చదువుతారు. ఆనందబాబు మొదటి పేజీ మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, మూడో లైనులో ఆగిపోయాడు. చివరికి అందరూ కలిసి ఫారాలు పట్టుకెళ్ళి పాస్టరు యిర్మియా గారి చేతిలో పెట్టారు. ఆయన దానికేముంది, ఆదివారం ఆరాధన అయ్యాక నేనే చదువుతాను, ఒక్కొక్కరూ లేచి జవాబు చెప్పండి, రాసేస్తాను అన్నారు.

తప్పు అక్కడ జరిగింది. ఎవరికీ తప్పని తెలియకుండా జరిగింది.

ఆ హాల్లో మైకు ముందు లేచి నిలబడితే దాన్ని సాక్ష్యం అంటారు. సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. ఇంకా తీరని బాధ మైకులో చెప్పరు. అది ప్రార్థన మనవి, చీటీ మీద రాసి పాస్టరు అయ్యగారికి ఇవ్వాలి. మైకులో చెప్పేది తీరిపోయిన బాధ. అలాగే తనకున్న గొప్ప మైకులో చెప్పరు, అది అతిశయం. యాభై ఏళ్ళుగా ఆ గోడలు ఇలాంటి మాటలే విన్నాయి. కాబట్టి అయ్యగారు, మీ మనిషికి అందరికన్నా బాగా వచ్చినది ఏమిటి అని చదివితే, ఒక్కొక్కరూ తల వంచుకుని, ఏముంది అయ్యగారూ, దేవుడిచ్చింది ఏదో అన్నారు. మీ మనిషితో ఇంట్లో కష్టమైనది ఏమిటి అని చదివితే, ఒకప్పుడు ఉండేది, దేవుని కృప వల్ల ఇప్పుడు బాగానే ఉంది అన్నారు. వింటున్నవాళ్ళు స్తోత్రం అన్నారు. పుష్పవతి వంతు వచ్చినప్పుడు, నేను డ్యూటీలో ఉన్నంతకాలం ఆయన నా చెల్లెల్ని కాపాడాడు అంది. ప్రతి సంవత్సరం ఆఖరి రోజు ఆమె చెప్పే మాటే అది. అందరికీ నోటికొచ్చు.

నెల తిరిగాక ఆనందబాబు అరవై నాలుగు మెట్లూ ఎక్కి వచ్చాడు. గడప మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"దీదీ, మనవాళ్ళు ఫెయిల్."

"ఏం పరీక్ష రాశార్రా?"

"ఆ ఫారాలే. గవరయ్యగారు ఫోన్ చేసేరు. ఈ పదకొండు మందికీ గొప్పా లేదు, బాధా లేదు అని వచ్చిందట. ఇంత సుకూన్‌గా, ఏ చింతా లేకుండా ఉన్న ఊరు వాళ్ళు దునియాలో ఎక్కడా చూళ్ళేదట. ఆ తోడుమనుషుల్ని ఇంకో ఊరికి ఇచ్చేస్తారంట."

పుష్పవతి నవ్వింది. నవ్వు సగంలో ఉండగా చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. ఆనందబాబు అది చూసి కిందికి చూశాడు. లోపల కిటికీ దగ్గర సుందరి గడియారం చూసి ఏదో రాసుకుంది. బయట వాన మొదలైంది.

"ఆమె రాసేదేంటి దీదీ?" అన్నాడతను.

ట్రంకు పెట్టె తెరిచేసరికి ఆనందబాబు బ్యాంకు మనిషి కాబట్టి ముందు వరసలు చూశాడు. వరసలు చూసి కూర్చుండిపోయాడు. ఆ రోజూ, ఆ తరవాత రెండు ఆదివారాలూ వచ్చి ఫోనుతో పేజీలు ఫోటోలు తీశాడు. సుందరి అతన్ని ఒక్కో పేజీ తిప్పనిచ్చింది గానీ రిజిస్టరు గది దాటనివ్వలేదు. ఫోటోలు గవరయ్యకి, అక్కడి నుంచి గెంట్‌కి వెళ్ళాయి. గెంట్ నుంచి యోరిస్ అనే ఆయన రెండు రోజుల్లో జవాబు రాశాడు. ఆ మనిషితో మాట్లాడాలి, అందరం కూర్చోవాలి అని. గవరయ్య మాత్రం ఆనందబాబుని ముందే హెచ్చరించాడు. గొప్ప ఒక్కటే తేలితే బెల్జియం వాళ్ళు రిజిస్టర్లు చూసి సంతోషిస్తారు, అంతే. తోడుమనిషిని పెట్టేది డునెడిన్ వాళ్ళు. వాళ్ళకి కష్టం కనబడాలి.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి చర్చి హాల్లో కూర్చున్నారు. గెంట్‌లో అప్పుడు పొద్దున, డునెడిన్‌లో రాత్రి భోజనాల వేళ దాటింది. క్రిస్మస్ నక్షత్రం కట్టే గోడకి తెల్ల దుప్పటి కట్టి, దాని మీద ముగ్గురు మనుషుల్ని వెలుగుతో నిలబెట్టారు. యోరిస్ గడ్డం మనిషి. డునెడిన్ నుంచి హెలెన్, జుట్టు నెరిసిన ఆవిడ, ఒళ్ళో పిల్లి. విశాఖ నుంచి గవరయ్య, వాళ్ళ ఇంగ్లీషుని వీళ్ళకీ, వీళ్ళ తెలుగుని వాళ్ళకీ అందించడానికి. ఇవతల పదకొండు ఇళ్ళవాళ్ళూ, యిర్మియా గారూ. సుందరి అందరికీ వీపు పెట్టి కిటికీ దగ్గర కూర్చుంది. ఫిబ్రవరిలో వాన ఉండదు. అయినా రిజిస్టరు ఒళ్ళో ఉంది.

యోరిస్ చాలాసేపు మాట్లాడాడు. ముప్పై ఏళ్ళ వాన, నిమిషాలతో సహా, ఒక్క రోజు తప్పకుండా. ఇలాంటిది తాను ఎప్పుడూ చూడలేదన్నాడు. గవరయ్య ఆ మాట తెలుగులో చెబుతుంటే హాల్లో కొందరు వెనక్కి తిరిగి సుందరి వీపు వైపు కొత్తగా చూశారు. ఆమె చెప్పుల్లేని కాళ్ళు బెంచీ కింద ఊగుతున్నాయి.

అప్పుడు హెలెన్ ఒక ప్రశ్న అడిగింది. దుప్పటి మీద ఒక పేజీ కనబడింది, పెద్దదిగా, చర్చి గోడంత. వానల వరస పక్కన, పేజీ అంచున, దాదాపు ప్రతి తేదీకీ రెండు అంకెలు విడిగా ఉన్నాయి. వాటి చుట్టూ సున్నా చుట్టి ఉంది. ఇవేమిటి, ఎండ రోజుల్లో కూడా ఉన్నాయి, తొంభై ఎనిమిది ఆగస్టులో ఆగిపోయాయి, అని అడిగింది.

"పోటూ ఆటూ అయ్యుంటాయి మేడమ్, సముద్రం పక్కనే కదా" అన్నాడు గవరయ్య.

"హా, పోటు వేళలే" అన్నాడు ఆనందబాబు కూడా. వెనక ఎవరో సరేనన్నట్టు తలూపారు.

పుష్పవతి ఆ అంకెల్ని మొదటిసారి చూస్తోంది. ఎనిమిది ఇరవై. ఐదు పది. కింద మర్నాడు, ఎనిమిది ఇరవై, ఐదు పది. ఆ కింద, ఎనిమిది ఇరవై రెండు, ఐదు పది. ఏడో రోజు ఖాళీ. ఓడల కౌంటర్లో కూర్చున్న మనిషికి పోటు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పోటు వేళ రోజుకి ముప్పావుగంటకి పైగా వెనక్కి జరుగుతుంది. ఇది జరగడం లేదు. ఏడో రోజు ఆదివారం. ఒకచోట మాత్రం ఐదు పది బదులు ఎనిమిది ఐదు ఉంది. ఆమెకి ఆ రోజు గుర్తొచ్చింది. తుపానుకి మద్రాసు ఓడ ఆగిపోయి, టిక్కెట్ల డబ్బు వాపసు ఇమ్మని కౌంటరు మీద జనం పడ్డ రోజు. చీకటిపడ్డాక ఇల్లు చేరిన రోజు.

పోటు అని ఊరుకుంటే సరిపోయేది. గవరయ్య తప్పు పట్టడు. అయ్యగారికి తెలియదు. రిజిస్టర్లకి పేరొస్తుంది. కానీ ఆమెకి తన తరవాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కళ్ళకి కట్టినట్టు తెలుసు. ఎందుకంటే తనే ఒకప్పుడు చేసింది. సాయం లేని మనిషి ఎవరైనా అదే చేస్తారు. ఆమె లేచింది. ఎవరో అలవాటుగా మైకు అందించారు. దాన్ని పక్కన పెట్టేసింది.

"అది పోటు కాదు బాబూ. అది తాళం."

గవరయ్యకి అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమన్నాడు.

"మా అమ్మ పోయిన ఆ నెలలోనే ఇది ఒక్కర్తే జెట్టీకి పోయి, బంబూ ఫ్లాట్ ఫెర్రీ ఎక్కేసింది. మర్నాటికి గానీ దొరకలేదు. నాకు డ్యూటీ. చూసే దిక్కు లేదు. పొద్దున్న లోపల పెట్టి, బైట తాళం వేసి పోయేదాన్ని. పళ్ళెంలో అన్నం, బిందెలో నీళ్ళు, మూల ఒక బకెట్టు. ఏడేళ్ళు. సాయంత్రం ఐదింటికి వచ్చి తీసేదాన్ని."

"ఐదూ పది" అంది సుందరి కిటికీ దగ్గర నుంచి. వెనక్కి తిరగలేదు.

"ఐదూ పది" అంది పుష్పవతి. "భూకంపాలు వచ్చేయి ఆ ఏడేళ్ళలో. నేను కౌంటర్లో కూర్చుని టిక్కెట్లు కోసేను. తలుపు లోపలివైపు కింద గోళ్ళ గీతలున్నాయి. ప్రతి క్రిస్మస్‌కీ ఇల్లంతటికీ రంగేస్తారు కదా, నేను ఆ గీతల కోసం వేస్తాను. దేవుడు కాపాడేడని ఏటేటా ఇక్కడ నిలబడి చెప్పేను. కాపాడేడు, నిజమే. తాళం మాత్రం నేనే వేసేను."

మాట అయిపోగానే వెనక ఎవరో అలవాటుకొద్దీ స్తో... అని మొదలుపెట్టి మింగేశారు.

గవరయ్య దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హెలెన్ జాలి మాటలేవీ అనలేదు. ఒకటే అడిగింది. ఇప్పుడా తలుపు ఎలా ఉంటుంది? పుష్పవతి గొళ్ళెం సంగతి చెప్పింది. తొంభై ఎనిమిదిలో యర్రమ్మ పిన్ని తాళంకప్పని తీసుకెళ్ళి జెట్టీ దగ్గర నీళ్ళలో పారేసిందని, ఆ మర్నాటి పొద్దున్నుంచి సుందరి గొళ్ళెం లేపి చూసుకోవడం మొదలుపెట్టిందని. పన్నెండు ఎందుకో తనకీ తెలియదంది. హెలెన్ పిల్లిని దింపి కాగితం తీసి రాసుకుంది.

తరవాత ఆనందబాబు లేచాడు. మైకు తీసుకోలేదు. అమ్మడు రాత్రుళ్ళు తల గోడకేసి కొట్టుకుంటుందని, గోడకి పరుపు కట్టానని, పక్కింటివాళ్ళకి మాత్రం మంచం రిపేరు చేస్తున్నానని చెబుతున్నానని చెప్పాడు. అతని తరవాత ఇంకొకరు. సాక్ష్యాలు కావు అవి, చీటీల మీద కూడా ఎప్పుడూ రాయనివి. కష్టాలతో పాటు గొప్పలు కూడా కొన్ని బయటపడ్డాయి. ఆ మాటలు ఒకదాని వెంట ఒకటి లాక్కొచ్చాయి. యిర్మియా గారు చివరిదాకా విని, ఆనందబాబు వైపు తిరిగి, ఆ ఫారాలు నేను తప్పు రాశాను బాబూ, ఖాళీవి మళ్ళీ తెప్పించు, ఈసారి ఇళ్ళకి వచ్చి వంటగదుల్లో కూర్చుని రాస్తాను అన్నారు. ఆ వంటగది సంగతి గవరయ్య ఆవలికి చెప్పాడు. యోరిస్, హెలెన్ దాన్ని మిగతా ఊళ్ళకి కూడా పద్ధతిగా పెట్టారట. కొలంబోలో ఒక చర్చివాళ్ళవీ మొదట ఇలాంటి ఫారాలే వచ్చాయని తరవాత తెలిసింది.

పోర్ట్ బ్లెయిర్ మూడు ఊళ్ళలో ఒకటైంది. పదకొండు ఇళ్ళకీ రోజంతా మనుషులు దొరకలేదు. సుందరికి వారానికి ఐదు పూటలు దొరికాయి. తోడుమనిషి పేరు సారా. డెలానీపూర్‌లో ఉంటుంది, నలభై రెండేళ్ళు, బాలవాడీలో పనిచేసి మానేసింది. ఆరువారాల శిక్షణ ఫోను తెర మీదే జరిగింది. ఆమెకిచ్చిన కాగితంలో మొదటి వాక్యం హిందీలో ఉంది. గొళ్ళెం పన్నెండుసార్లు, మధ్యలో మాట్లాడకూడదు. సారా మొదటి రోజు తొమ్మిదింటికి రావలసింది, ఐదింటికే వచ్చి గడప బయట నిలబడింది. పన్నెండూ విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయి, మళ్ళీ తొమ్మిదికి వచ్చింది. పుష్పవతి ఆ రోజు మధ్యాహ్నం ముప్పై ఏళ్ళలో మొదటిసారి పగలు పడుకుని నిద్రపోయింది.

యోరిస్ రిజిస్టర్లు కొన్నాళ్ళు గెంట్‌కి పంపమని అడిగాడు. ఫోటోలు ఎన్నయినా తీసుకోండి, పుస్తకాలు ఆమెవి అని పుష్పవతి చెప్పించింది. ఆయన ఒప్పుకున్నాడు. సుందరికి కొత్త రిజిస్టర్లు పంపాడు, మంచి కాగితం. ఆమె వాటిని ముట్టుకోలేదు. పాత వాటి వెనకవైపే కావాలి. కౌంటర్లో ఇప్పుడు కూర్చునేవాళ్ళని అడిగి పుష్పవతి నాలుగు తెచ్చి పెట్టింది.

జూన్‌లో, వాన బాగా పట్టిన ఒక సాయంత్రం, పుష్పవతి మొట్టమొదటిసారి చెల్లెలి రిజిస్టరు తనంతట తాను తెరిచింది. తెరవడానికి భయపడింది. చుట్టిన సున్నాలు మళ్ళీ వచ్చాయేమోనని. పేజీ అంచు ఖాళీగా ఉంది. వానల వరసలో మాత్రం, ఆ వారం వానలు పడ్డవాటికన్నా ఎక్కువున్నాయి. తొమ్మిది ఐదు, ఒకటి పది. తొమ్మిది, ఒంటిగంట. వాన లేని బుధవారం కూడా తొమ్మిది రెండు, పన్నెండు యాభై. పుష్పవతి వేలు ఆ అంకెల కింద నడిపించి, ఆగింది. అవి సారా వచ్చిన వేళలు, వెళ్ళిన వేళలు. సుందరి వాటిని విడిగా రాయలేదు. రావడం, కాసేపుండి తగ్గిపోవడం, మళ్ళీ రావడం. వానల్లోనే కలిపి రాసింది.

తరవాతి ఏడాది ఈ కథ వినడానికి ఇంటికి వచ్చినవాళ్ళకి ఆ పేజీ చూపించి, పుస్తకం మూసి, ట్రంకు పెట్టెలో పెట్టి, పుష్పవతి టీ గ్లాసులు తీసింది. ఇదంతా విని రాసుకున్నవాళ్ళు వెళ్ళొస్తామని లేచారు. ఆమె మెట్ల దాకా వచ్చింది, దిగలేదు. లోపల సుందరి కిటికీ దగ్గర ఉంది. ఆకుపచ్చ రంగు తలుపు గోడకి ఆనుకుని ఉంది. కింద, చెయ్యి ఆనే ఎత్తులో, పోయిన క్రిస్మస్‌కి రంగు వెయ్యని జాగాలో గీతలు కనబడుతున్నాయి. వాటి వైపు చూస్తున్నారని ఆమె గమనించింది. గమనించనట్టు చెంగుతో చెయ్యి తుడుచుకుని ఆఖరి మాట చెప్పింది.

"మళ్ళీ వస్తే తలుపు కొట్టకండి. తోసుకుని వచ్చేయండి. ఈ ఇంట్లో తాళంకప్ప అన్నదే లేదు."